పళ్ళ బండిలో ఐదు రోజులు

మొదటి రోజు, సోమవారం

తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఒంగోలులో బండి దగ్గర ఉండాలన్నారు. ఉన్నాం. బండి మాత్రం ఏడుంబావుకి కదిలింది. కంప్రెసర్ గొట్టం ఎక్కడో గాలి వదిలేస్తోందని డ్రైవర్ బాబాయి దానికి టేపు చుడుతూ కూర్చున్నాడు.

బండి అంటే బస్సే. ముందు ఆరు సీట్లు ఉంచి, వెనక సీట్లన్నీ పీకేసి రెండు డెంటల్ కుర్చీలు బిగించారు. నెత్తిన నీళ్ళ ట్యాంకు, వెనక డిక్కీలో జనరేటరు, ఒక మూల పనిముట్లని ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవు, ఇంకో మూల ఎక్స్‌రే మిషను. కాలేజీలో మూడంతస్తుల్లో ఉండేదంతా ఇక్కడ ఇరవై అడుగుల్లో సర్దేశారు. మొత్తం ఐదుగురం. పీజీ చేస్తున్న అన్న ఒకరు, హౌస్ సర్జన్లం ముగ్గురం, బాబాయి. బీడీఎస్ చివరి ఏడాదిలో ఇలా పల్లెలు తిరిగే పోస్టింగు ఒకటుంటుంది. నాలుగు గోడల మధ్య నుంచి బయటపడొచ్చని నేను ఎగిరి గంతేశాను. మాది తెనాలి, కృష్ణ కాలవ నీళ్ళు తాగి పెరిగినదాన్ని. పొదిలి, కనిగిరి అనే పేర్లు నాకు బస్సు బోర్డుల మీద చదవడమే తప్ప తెలీదు.

చీమకుర్తి దాటేదాకా రోడ్డు పక్కన గెలాక్సీ గ్రానైటు బండలు, ఒక్కోటీ మా బండిలో సగం ఉంది. తర్వాత పొగాకు చేలు, వాటి మధ్య ఆకు ఆరబెట్టే బ్యారన్లు. పొదిలిలో టీ తాగి, ఇంకో అరగంట లోపలికి పోతే మా మొదటి బడి వచ్చింది.

హెడ్మాస్టారు ముందురోజే ఊళ్ళో చెప్పించారట, "బడికాడికి పళ్ళ బండి వస్తుంది" అని. మేం మెట్లు దించేసరికి ఒక అవ్వ సంచీ పట్టుకుని వచ్చింది.

"బత్తాయిలు కిలో ఎంత చెప్తుండావమ్మా?"

ఆ పళ్ళు కావవ్వా, నోట్లో పళ్ళు అని చెప్పాక బోసినోటితో చాలాసేపు నవ్వింది. "నాకాడ ఆ సరుకు లేదులే" అని సంచీ మడిచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నా పని పిల్లల నోరు చూసి కాగితం నింపడం. పేరు, తరగతి, పుచ్చిన పళ్ళెన్ని, చిగుళ్ళెలా ఉన్నాయి, నోటి శుభ్రత ఎలా ఉంది. వరుసగా పదకొండు మందికి శుభ్రత గడిలో "బాగోలేదు" అని రాశాను. ముందు పళ్ళ మీద పసుపూ గోధుమరంగూ కలిసిన చారలు. నాలుగో తరగతి పిల్లని అడిగాను కూడా, "రోజూ తోముకుంటున్నావా?" అని. తోముకుంటున్నా అంది. "మరి ఇదేంటి?" అన్నాను. ఆ పిల్ల నోరు మూసుకుంది, మళ్ళీ తెరిపించడానికి ఐదు నిమిషాలు పట్టింది.

భోజనాల దగ్గర బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరమ్మా, ఏమనుకోకపోతే ఒక మాట. అయ్యి తోమితే పొయ్యేయి కాదు. ఇట్టా చూడండి."

పెదవి ఎత్తి చూపించాడు. పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు గీతలు, అక్కడక్కడా సూదితో పొడిచినట్టు గుంటలు. వాళ్ళది కనిగిరి పక్కన పల్లె. చిన్నప్పుడంతా బోరింగు నీళ్ళే. "పెళ్ళిచూపుల్లో మీసం కిందికి దువ్వుకోని కూర్చున్నా" అన్నాడు.

ఫ్లోరోసిస్. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే జబ్బు. ఇక్కడివాళ్ళు గారపళ్ళు అంటారు. నాకు తెలియనిదేం కాదు. తీవ్రతని బట్టి దాన్ని వర్గాలుగా విడదీసే డీన్స్ ఇండెక్స్ పరీక్షలో రాసినదాన్నే. కాలేజీకి వచ్చే ఒకరిద్దరిలో చూడగానే గుర్తుపట్టేదాన్ని కూడా. ఇక్కడ వరసగా పదకొండు మందికి ఉండేసరికి జబ్బు అని తట్టలేదు, అలవాటు అనిపించింది. అన్నం తిన్నాక పదకొండు కాగితాలూ తిరగరాశాను. నాలుగో తరగతి పిల్లని వెతికితే ఇంటికెళ్ళిపోయిందన్నారు.

రెండో రోజు, మంగళవారం

రాత్రి కనిగిరిలో లాడ్జి. దోమల సంగతి రాయను. పొద్దున్నే పామూరు రోడ్డులో ఒక యూపీ స్కూలు, తొంభై మంది దాకా పిల్లలు.

మాతో పెద్ద దవడ బొమ్మ ఒకటి, దానికి మోచేతంత బ్రష్షు ఒకటి ఉంటాయి. బొమ్మ బయటికి తీస్తే చాలు, బడంతా మన చుట్టూనే. దేంతో తోముకుంటారని అడిగాను. పేస్టు అన్నవాళ్ళే ఎక్కువ. తర్వాత వేపపుల్ల, కానుగపుల్ల, పళ్ళపొడి, బొగ్గు. ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ కచ్చికతో తోమిస్తుందని చెప్పింది. మా బ్యాచ్‌మేటుది హైదరాబాదు, కచ్చిక అంటే తెలీదు. కాల్చిన పిడక అని చెప్తే బోర్డు మీద రాయబోతున్న చాక్‌పీసు అక్కడే ఆగిపోయింది.

వెనక వరసలోంచి ఒక ఐదో తరగతి కుర్రాడు మెల్లగా అన్నాడు, "ఇటుకరాయి."

వాణ్ణి బండిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. కింది పెదవి దించితే పళ్ళ సందుల్లో ఇంకా ఎర్రటి నలుసులున్నాయి. ముందు పళ్ళ దగ్గర చిగురు కిందికి జారి, పన్ను మొదలు పసుపుగా బయటపడింది. అద్దం తగిలితేనే రక్తం. గారపళ్ళలో పైనుండే ఎనామెల్ అసలే గుల్లగా ఉంటుంది. దాన్ని వీడు రోజూ పొద్దున ఇటుకపొడి వేసి వేలితో బరబరా రుద్దుతున్నాడు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదట. పోయినేడు ఎవరో క్యాంపుకొచ్చి నలుగురిలో "నువ్వు పళ్ళు తోముకోవు" అన్నారట, అప్పట్నుంచీ.

ఆ "ఎవరో" నేను కాదుగానీ, నిన్నటిదాకా నేనూ ఆ బాపతే.

"ఒరే, ఇది మురికి కాదురా. ఈ పళ్ళు దవడ లోపల తయారయ్యేటప్పుడు నువ్వు తాగిన నీళ్ళలోంచి పట్టిన మరక. బయటినుంచి ఎంత రుద్దినా పోదు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మా చెల్లి అవే నీళ్ళు తాగుద్ది. దాని పళ్ళు తెల్లగున్నాయే?" అన్నాడు.

చెల్లి వయసెంత అంటే మూడేళ్ళు. అవి పాలపళ్ళు. వాటిలో చాలా భాగం తల్లి కడుపులో ఉన్నప్పుడూ పాలు తాగే రోజుల్లోనూ తయారవుతాయి. అందుకే పాలపళ్ళ మీద మరక తక్కువ, వాటి వెనకొచ్చే పళ్ళ మీద కనబడుతుంది. ఇదంతా వాడికి చెప్తుంటే మధ్యలోనే అర్థమైంది, ఈ ఊళ్ళలో మోసం ఇక్కడే జరుగుతోందని. మూడేళ్ళ పిల్ల నవ్వితే మల్లెమొగ్గల్లా ఉంటాయి, ఇక నీళ్ళని ఎవరు అనుమానిస్తారు?

వాడికి మెత్తటి బ్రష్షు ఇచ్చి, ఇటుక మానేస్తానని ఒట్టు వేయించుకున్నాను. బరువు మోయలేని గుంటలున్న రెండు పళ్ళకి తెల్ల సిమెంటు పెట్టాం.

ఆ రోజు ఎక్కువగా కనబడిన రెండో సంగతి ఆరేళ్ళ పన్ను. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనక, దవడ చివర ఒక పెద్ద పన్ను వస్తుంది. అది వచ్చేటప్పుడు ఏ పన్నూ ఊడదు. ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటిమీద వేసే సంబరం ఉంటుంది కాబట్టి ఇంట్లో తెలుస్తుంది. ఇది చడీచప్పుడూ లేకుండా వస్తుంది, ఎవరికీ తెలీదు. పుచ్చినా "పాలపన్నేగా, అదే ఊడిపోద్ది" అనుకుంటారు. ఊడేది కాదది, చచ్చేదాకా ఉండాల్సిన పన్ను. రెండో తరగతిలో ఒకడికి నాలుగు వైపులా నాలుగూ పుచ్చి ఉన్నాయి. ఇంకా పుచ్చనివాళ్ళకి ఆ పన్ను మీది సన్నటి గాడుల్లో, పుచ్చు పట్టకుండా మూసేసే సీలెంటు పోశాం. అది రెండు నిమిషాల పని. పిల్లల్ని ఆ రెండు నిమిషాలూ నోరు తెరిచి ఉంచడం మాత్రం పది నిమిషాల పని.

మధ్యాహ్నం భోజనంతో చిక్కీ ఇచ్చారు. మా హైదరాబాదు పిల్ల అది ఆపించమని హెడ్మాస్టారితో మాట్లాడతానంది. నేను వద్దన్నాను. ఆ పిల్లలకి పల్లీ, బెల్లం ఎంత అవసరమో పాలిపోయిన వాళ్ళ అరచేతులు చూస్తే తెలుస్తుంది. సాయంత్రందాకా జేబులో పెట్టుకుని కొంచెంకొంచెం కొరకొద్దు, అన్నం తిన్న వెంటనే తినేసి నోరు పుక్కిలించండి అని చెప్పాం. చిక్కీ కంటే బడి గేటు పక్క బడ్డీకొట్లో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లతోనే గొడవ. వాటి సంగతి చెప్తుంటే బడ్డీకొట్టాయన గోడ మీంచి నన్నే చూస్తున్నాడు.

మూడో రోజు, బుధవారం

హనుమంతునిపాడు వైపు. బడి ముందు బండి ఆపాక జనరేటరు స్టార్టు కాలేదు. బాబాయి తాడు లాగీ లాగీ చొక్కా విప్పేశాడు. మెకానిక్కు కనిగిరి నుంచి రావాలి, వచ్చేసరికి మూడు. డ్రిల్లు లేదు, లైటు లేదు, కుర్చీ పైకి లేవదు. నాకు టెన్షన్.

పీజీ అన్న మాత్రం తాపీగా వేపచెట్టు కింద రెండు బల్లలు జరిపించాడు. పిల్లాడు బల్ల మీద పడుకోవాలి, తల వైపు మనం కూర్చోవాలి, వెలుగు సూర్యుడిది. చెంచాలాంటి చేతి పనిముట్టుతో పుచ్చు గోకి తీసేసి గ్లాస్ అయనమర్ సిమెంటు నొక్కడం, అంతే. 1980లలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం మొదలైన పద్ధతి ఇది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ప్రచారం చేసింది. కాలేజీలో మాకు దీని మీద ఒకే ఒక్క క్లాసు. ఆ చెట్టు కింద ఇరవై రెండు పళ్ళు నింపాం. డ్రిల్లు చప్పుడు లేకపోయేసరికి ఒక్కరూ ఏడవలేదు. మూడింటికి జనరేటరు బాగైతే నాకు కొంచెం బాధే వేసింది.

చిన్నపిల్లల పాలపళ్ళలో పుచ్చుకి వేరే మందు, సిల్వర్ డయామిన్ ఫ్లోరైడు. చుక్క అద్దితే పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది. సూది లేదు, కోత లేదు. ఒకటే చిక్కు, పుచ్చిన చోటు కాటుకలా నల్లగా మారిపోతుంది. అందుకే ముందురోజే ఇళ్ళకి కాగితాలు పంపి సంతకాలు తెప్పించుకుంటాం. సగం వేలిముద్రలు, అవీ ఎక్కువగా తాతలవీ అవ్వలవీ. అమ్మానాన్నలు బేల్దారి పనికి బెంగుళూరు, హైదరాబాదు పోయి ఉన్నారు.

మందు అద్దుతుంటే హెడ్మాస్టారు నా వెనక నిలబడి సీసా మీద పేరు చదివారు. "ఫ్లోరైడు వల్లే కదమ్మా మా పిల్లల పళ్ళిట్లా అయింది? మళ్ళీ ఫ్లోరైడే పూస్తుండారు?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని రెండు రోజులుగా భయపడుతున్నాను. పన్ను తయారయ్యే వయసులో, రోజూ, కడుపులోకి ఎక్కువగా పోతే చెరుపు. తయారై బయటికొచ్చిన పన్ను మీద పైపైన చుక్క పడితే మందు. చిన్నపిల్లలు పేస్టు మింగుతారు కాబట్టే శనగగింజంత వెయ్యండి చాలు, పక్కనుండి ఉమ్మించండి అని చెప్పేది. మాస్టారు తలూపారుగానీ పూర్తిగా నమ్మినట్టు లేరు. నేనైనా అంతే ఊపేదాన్ని.

ఆ మాటల్లో గ్లవ్సు చిరిగింది చూసుకోలేదు. సాయంత్రానికి నా బొటనవేలు గోరు పక్కన నల్లటి మచ్చ. సబ్బుకి, స్పిరిట్‌కి, దేనికీ పోలేదు.

"మేడం, ఓటేసొచ్చారా?" అని అడిగింది ఒకటో తరగతి పిల్ల.

రాత్రి లాడ్జిలో అన్న ఫోనులో ఒక పాత వ్యాసం చూపించాడు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ మీద మొదటి నివేదిక 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. షార్ట్ అనే డాక్టరు, ఆయన బృందం రాసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటి నెల్లూరు జిల్లా గురించి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ఈ జబ్బు ఎముకలకి కూడా పట్టి ఎడ్లు లేవలేకపోతుంటే రైతులే ముందు పసిగట్టారని దర్శి వైపు చెప్పుకుంటారు. అంటే మా తాత పుట్టకముందే ఈ సంగతి అచ్చులో ఉంది. నేను ఫోను తిరిగిచ్చేసి పడుకున్నాను.

నాలుగో రోజు, గురువారం

ఇవాళ అంగన్వాడీ. ఆయమ్మ చాపలు పరిచి, ఉడకబెట్టిన గుడ్లు ఒలుస్తూ కూర్చుంది.

అన్న దగ్గర నీళ్ళు పరీక్షించే చిన్న కిట్టు ఉంది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి ఎర్రటి మందు చుక్కలు వెయ్యాలి. ఫ్లోరైడు పెరిగేకొద్దీ ఎరుపు పోయి పసుపుకి తిరుగుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. ఆర్వో ప్లాంటు డబ్బాలోని నీళ్ళు గులాబీరంగులోనే ఉన్నాయి. చేతిపంపు నీళ్ళు మేం చూస్తుండగానే నిమ్మపండు రంగుకి తిరిగాయి. కాగితం మీద 1.5 గీత ఎక్కడో వెనక ఉండిపోయింది.

"కాగబెట్టి తాగుతాంగా" అంది ఒకామె. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు చావదు. పైగా నీళ్ళు ఇగిరిపోయి ఇంకొంచెం చిక్కబడుతుంది.

తాగడానికి అందరూ డబ్బా నీళ్ళే అన్నారు. మరి అన్నం, పప్పు, టీ? అవి పంపు నీళ్ళే. డబ్బా పది రూపాయలు పెట్టి కొని దాంతో బియ్యం కడుగుతారా ఎవరైనా, అని నవ్వారు. నవ్వులాటే. కానీ పప్పు ఉడికేటప్పుడు ఎన్ని నీళ్ళు పీలుస్తుందో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

అప్పుడు ఒకామె ఐదేళ్ళ కూతుర్ని ముందుకు తోసింది. చంకలో ఇంకొకడు, ఏడాది నిండలేదు. పిల్లకి కింది దవడ వాచి, పాలదవడ పన్ను దగ్గర చీముగడ్డ. నాలుగు రోజులుగా రాత్రిళ్ళు నిద్ర లేదట. తీసేయాలా ఉంచాలా తెలియడానికి ఎక్స్‌రే తీయాలన్నాం. పిల్లోణ్ణి ఆయమ్మకిచ్చి, సీసపు ఆప్రాను వేసుకుని తల్లే ఫిల్ము పట్టుకుంది. "ఇంత బరువుందేందమ్మా, బిందె మోసినట్టుంది" అంది.

ఫిల్ము కడిగి కిటికీ వెలుగులో పట్టుకున్నాం. ఆమె పక్కన నిలబడి చూసింది. పాలపన్ను వేళ్ళు రెండూ కాళ్ళు చాచినట్టున్నాయి, ఆ రెంటి మధ్యా, గంప కింద కోడిపిల్లలా, ఇంకో పన్ను ముదురుకుంటోంది.

"లోపలుండేదేందది?"

"తర్వాత రావాల్సిన పన్ను. ఇప్పుడు తయారవుతోంది."

"అంటే ఆ నీళ్ళు దీనికి పడతుండాయా?"

నేను చెప్పబోయింది అదే, ఆమె ముందే అనేసింది. దాంతో అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా పోయింది. పిల్ల ముందు పళ్ళు ఐదేళ్ళొచ్చేసరికి లోపల దాదాపు పూర్తయిపోయాయి, వాటికి పట్టాల్సింది పట్టేసి ఉంటుంది. వెనక పళ్ళకి ఇంకా టైముంది. అసలు టైమున్నది ఆయమ్మ ఒళ్ళో ఉన్నవాడికి. వాడి ముందు పళ్ళ పైపొర గట్టిపడేది ఇప్పట్నుంచి మూడేళ్ళ లోపే. తల్లిపాలలో ఫ్లోరైడు చాలా తక్కువ, అందాకా భయం లేదు. ఉగ్గు మొదలుపెట్టారా అని అడిగాను.

"పోయిన నెల్లోనే."

"ఏ నీళ్ళతో?"

ఆమె జవాబు చెప్పలేదు. అన్న అందుకున్నాడు. ఇంటిల్లిపాదికీ డబ్బా నీళ్ళతో వండమనట్లేదమ్మా, వాడి ఉగ్గుకి, వాడి పప్పుకి, రోజుకి ఒక చెంబు తీసి పక్కన పెట్టు, అన్నాడు. ఒక చెంబా అని మళ్ళీ అడిగింది. చెంబైతే కుదురుద్ది అంది. అంతలోనే, "మా అత్త ఒప్పుకోదు. మేమంతా ఈ నీళ్ళే తాగి పెరగలేదా అంటది."

పన్ను తీసేశాం, చీము పోయింది. పిల్ల దూది కొరుక్కునే పన్ను కావాలని చెయ్యి చాపింది, ఇంటిమీద వెయ్యాలట. స్లాబు ఇల్లు కదా ఎలా వేస్తావంటే, ఆ దవడతోనే, "మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు అడుగుతా" అంది.

ఐదో రోజు, శుక్రవారం

రిపబ్లిక్ డే. అదే ఊళ్ళో బడిలో జెండా ఎగరేశాక, పళ్ళ డాక్టర్లు మాట్లాడతారని మైకు చేతికిచ్చారు. రాత్రి పడుకోబోయే ముందు కూడా తోముకోవాలి, తీపి తిన్నాక నోరు పుక్కిలించాలి అని నేను చెప్తుండగానే పక్క బల్ల మీద రెండు పెద్ద కవర్లు విప్పారు. చాక్లెట్లు. పంచిపెట్టమని నన్నే పిలిచారు. పంచాను. ఒక్కొక్కడూ చాక్లెట్ తీసుకుంటూ నా మొహంలోకి చూస్తున్నాడు. బాబాయి బండి మెట్టు మీద కూర్చుని పెదవి కూడా మూసుకోకుండా నవ్వుతున్నాడు.

బయల్దేరబోతుంటే నిన్నటామె వచ్చింది, వెనక వాళ్ళత్త. పిల్లకి వాపు తగ్గింది, రాత్రి పడుకుందట. ఆ ఫొటో ఒకసారి మా అత్తకి చూపించమ్మా అంది. ఫిల్ము తీసి ఎండకేసి ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ మెడ పైకి లేవలేదు. నడుం కూడా తిరగదు, చూడాలంటే మనిషి మొత్తం తిరుగుతుంది. ఎప్పట్నుంచి అవ్వా అంటే, "పదేళ్ళాయె. వయసైపోలా" అంది. నా చేతిలోంచి ఫిల్ము తీసుకుని, కళ్ళ ఎత్తుకి దించుకుని, ఎండకి ఎదురుగా అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగింది.

చాలాసేపు చూసింది.

"ఇది మాకాడ ఉంచుకోవచ్చా?" అని కోడలు అడిగింది. కేసు కాగితంతో పాటు ఫిల్ము కాలేజీలో అప్పజెప్పాలి. ఫోనుతో దానికో ఫొటో తీసుకుని ఇచ్చేశాను.

చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనక గంటన్నర ఇరుక్కున్నాం. ఒంగోలు చేరేసరికి చీకటి. డిపార్టుమెంటులో కాగితాలు లెక్కపెట్టి, ఎక్స్‌రే ఒకటి తక్కువుందేమిటని అడిగారు.

"పాడైపోయింది సార్, మళ్ళీ తియ్యలేదు" అన్నాను. సంతకం పెట్టమని రిజిస్టరు నా ముందుకు తోశారు. బొటనవేలి మీద మచ్చ అలాగే ఉంది.